పండుగ చెట్టును పారేయొద్దు

క్రిస్మస్ అయిపోయింది. కుండీలో చెట్టు మిగిలింది. దాన్ని పారేయొద్దు. అది ప్రాణమున్న మొక్క.

మన దగ్గర క్రిస్మస్ చెట్టని అమ్మేది ఎక్కువగా అరకేరియా మొక్క. దానికి వెలుతురు కావాలి. పైమట్టి ఆరాకే నీళ్లు పోయాలి. నీళ్లు నిలిస్తే వేళ్లు కుళ్లుతాయి. చిటారు కొమ్మ తుంచొద్దు. తుంచితే చెట్టు నిటారుగా ఎదగదు.

ఎప్పుడు నాటాలి? వానలు పడ్డాక. అంతవరకు మెల్లమెల్లగా ఎండకు అలవాటు చేయాలి. నాటేటప్పుడు వేళ్ల చుట్టూ మట్టి చెదరకూడదు.

ఎక్కడ నాటాలి? ఈ చెట్టు పుట్టిల్లు ఆస్ట్రేలియాకు తూర్పున ఉన్న నార్ఫోక్ దీవి. అక్కడ 50 మీటర్ల ఎత్తు పెరుగుతుంది. అందుకే గోడ పక్కన, కరెంటు తీగల కింద నాటొద్దు. ఇంటి దగ్గర చోటు లేదా? పెద్దలను అడిగి చర్చి ఆవరణలో నాటండి.

ఈ మొక్క బతికితే, దాని దగ్గరే మన మనవలు పండుగ చేసుకుంటారు.