యంత్రము చేతిలో, విశ్వాసము హృదయములో

యంత్రము మానవునకు సేవకుడా, యజమానుడా? ఈ ప్రశ్న క్రొత్తది కాదు. సెల్‌ఫోనును, కంప్యూటరును చూచి నేడు మనము అడుగుచున్న దీనికి రెండు శతాబ్దములకు పూర్వమే తన జీవితముతో సమాధానమిచ్చిన మిషనరీ విలియం కేరీ. ఆయన పని చేసిన తీరును ఈ వ్యాసములో పరిశీలింతము.

ఇంగ్లండులో చెప్పులు కుట్టి జీవించిన కేరీ 1793లో బెంగాలునకు వచ్చెను. 1800లో హుగ్లీ నది ఒడ్డున, నాడు డేన్ జాతివారి ఏలుబడిలోనున్న శ్రీరాంపూరులో స్థిరపడెను. అచ్చుపనిలో ఆరితేరిన విలియం వార్డు, బోధనలో దక్షుడైన జాషువా మార్ష్‌మన్ ఆయనకు తోడైరి. బైబిలును ప్రజల భాషలలో అందించవలెనన్నది వారి ఆశయము. ఆశయము ముందు కలిగెను. దాని కొరకు అచ్చుయంత్రము వచ్చెను. అక్షరములు చెక్కుటలో నిపుణుడైన పంచానన కర్మకార్, ఆయన అల్లుడు మనోహర్ దేశీయ లిపులకు అచ్చులు సిద్ధము చేసిరి. ఇచ్చటి పనివారి నేర్పు తోడైనప్పుడే ఆ యంత్రము మన భాషలు పలికెను. హెన్రీ మార్టిన్ చేసిన క్రొత్త నిబంధన ఉర్దూ అనువాదము 1814లోను, తెలుగు క్రొత్త నిబంధన 1818లోను అక్కడనే అచ్చయినవి. కావున ఈ చరిత్ర మన కళాశాలలోని రెండు భాషలవారికిని సంబంధించినదే.

1812 మార్చి 11వ తేదీ సాయంకాలము ఆ ముద్రణాలయమునకు నిప్పంటుకొనెను. కాగితపు నిల్వలు కాలిపోయినవి. పలు భాషల అక్షరములు కరిగి ముద్దలైనవి. కేరీ ఎన్నియో ఏండ్లు శ్రమించి కూర్చిన బహుభాషా నిఘంటువు, తెలుగు వ్యాకరణము మున్నగు వ్రాతప్రతులు అగ్నికి ఆహుతియైనవి. కలకత్తాలోనున్న కేరీకి మరునాడు మార్ష్‌మన్ ఈ వార్త తెలిపెను. కేరీ మిక్కిలి దుఃఖించెను గాని క్రుంగిపోలేదు. ఒకసారి నడచిన దారిలో మరల నడచుట సులభమని తలంచి పనికి పూనుకొనెను.

విశ్వాసమనగా చేతులు ముడుచుకొని కూర్చుండుట కాదని ఇచ్చట మనము గ్రహింపవలెను. వార్డు శిథిలములను వెదకింపగా, అక్షరములు చెక్కిన ఉక్కు ముద్రలు చెడక దొరికినవి. కరిగిన లోహమును ప్రోగుచేసి మరల అక్షరములు పోతపోయించిరి. అనతికాలములోనే అచ్చుపని సాగెను. తెలుగు వ్యాకరణమును కేరీ తిరిగి వ్రాసి 1814లో వెలువరించెను. బహుభాషా నిఘంటువు మాత్రము మరల పూర్తి కాలేదు. విశ్వాసికి పోయినదంతయు తిరిగి లభించునని ఈ కథ చెప్పుట లేదు; మిగిలినదానితో పని ఆరంభించు ధైర్యము లభించునని చెప్పుచున్నది. 'తవక్కుల్' అను మాటకును, చేయవలసినది చేసి ఫలితమును దైవమునకు అప్పగించుట అనియే పెద్దలు అర్థము చెప్పుదురు.

మరియొక విషయము. పురుగులు తినని కాగితము కొరకు శ్రీరాంపూరులో ఒక మిల్లు నెలకొల్పిరి. దాని చక్రమును పనివారు కాళ్లతో త్రొక్కి త్రిప్పెడివారు. ఆ పనిలో ఒక కార్మికుడు ప్రమాదవశమున మరణించెను. అటుపిమ్మట ఇంగ్లండు నుండి తెప్పించిన 12 అశ్వశక్తి గల ఆవిరియంత్రము 1820లో అక్కడ పనిచేయ నారంభించెను. దానిని చూచుటకు జనులు వింతగా గుమిగూడిరి. చూచువారికి అది వింత; పనివారికి మాత్రము ప్రాణాపాయము తప్పించు సాధనము.

ఈ చరిత్ర నుండి మనము మూడు ప్రశ్నలు నేర్చుకొనవచ్చును. ఈ సాధనము ఏ పని కొరకు? దీనివలన ఎవరి కష్టము తగ్గును, ఎవరి కష్టము పెరుగును? ఇది రేపు లేకపోయినచో మనలో ఏమి మిగులును? మూడవ ప్రశ్న విద్యార్థులకు మిక్కిలి ముఖ్యమైనది. కేరీ వ్రాతప్రతి కాలిపోయినను ఆయన నేర్చిన భాష కాలిపోలేదు. కావుననే వ్యాకరణమును మరల వ్రాయగలిగెను. యంత్రము అడిగినదెల్ల క్షణములో చూపుచున్న ఈ దినములలో, చూచినదానిని నేర్చినట్లు భ్రమించుట సులభము. యంత్రమును వాడుకొందము, అయితే చదువును మన మనస్సులో నిలుపుకొందము, భారమును దైవముపై ఉంచుదము.