మెడ శస్త్రచికిత్స పిదపటి రాత్రి

అమ్మాయీ,

ఎముకల వార్డులో నీకు రాత్రి డ్యూటీ వేసిరనియు, మెడ వెన్నుపూసలకు ఆపరేషనైన రోగుల విషయమున ముఖ్యముగా దేనికి భయపడవలెనో తెలుపుమనియు వ్రాసితివి. వెన్నుపాము సంగతి మీ ఆచార్యులు చెప్పుదురు. మత్తువైద్యమున తల నెరసినవాడను గనుక నేను ఊపిరిని గూర్చియే చెప్పెదను.

అమెరికాలో స్మిత్, రాబిన్సనులును, వారితో సంబంధము లేకయే క్లోవర్డును, 1950ల దశకమున మెడ ముందువైపునుండి వెన్నుపూసల నడిమి డిస్కును చేరు దారి చూపిన నాటినుండి, కెరోటిడు ధమనిని ఒకవైపునకును, శ్వాసనాళమును అన్నవాహికను వేరొకవైపునకును ఒత్తిపట్టి పనిచేయుట సర్వసామాన్యమైనది. పెక్కుమందికి కొన్నాళ్లు మ్రింగుట కష్టమై, గొంతు బొంగురుపోయి, అంతటితో సరిపోవును. మూడింటికి మించి పూసలను బయల్పరచినను, దవడకు చేరువనున్న రెండు మొదలు నాలుగవ పూసల వరకు పోవలసివచ్చినను, 300 మిల్లీలీటర్లకు పైగా రక్తము పోయినను, పని 5 గంటలు దాటినను ఆ రోగిపై కన్ను వేసియుంచవలెను.

రక్తము గ్రసని వెనుక చేరి గడ్డకట్టినప్పుడు అది శ్వాసనాళమును నలిపివేయునని పలువురు తలంతురు. మృదులాస్థి వలయములు అంత సులభముగా లొంగునవి కావు. ఆ గడ్డ ఒత్తిడికి సిరలును శోషరసనాళములును మూసికొనిపోగా, వెనుకకు మరలలేని ద్రవము స్వరపేటిక లోపలి పొరలలో నిండి, ద్వారమును లోపలినుండియే ఇరుకు చేయును. మార్గపు వ్యాసార్ధము సగమైనచో, గాలి నెమ్మదిగా సాగునప్పుడు సయితము, నిరోధము 16 రెట్లగును. ఆయాసముతో సుడులు తిరుగు గాలికి ఇంకను హెచ్చు. కావుననే కుట్లు విప్పి గడ్డను తీసినంతమాత్రమున వాపు వెంటనే దిగదు. ఊపిరికై గొంతులో ట్యూబు వేయబోవు వానికి స్వరతంత్రులు కనబడుటయే దుర్లభము కావచ్చును.

వ్రేలికి తగిలించిన యంత్రము 98 చూపుచున్నదని నిశ్చింతగా నుండకుము. ముఖమునకు ఆక్సిజను పెట్టియున్నప్పుడు ఆ అంకె చిట్టచివర గాని పడదు; ఊపిరి పీల్చునప్పటి కూతయు ఆలస్యముగా వచ్చునదే. రోగి పండుకొననని లేచి కూర్చుండుట, ఉమ్మి మ్రింగలేకుండుట, కంఠస్వరము మారుట, మెడ బిగిసినట్లున్నదనుట, ఇవి ముందు వచ్చును. అట్టివానికి ఆందోళనయని పేరు పెట్టి నిద్రమందు వ్రాయువారిని చూచినప్పుడెల్ల నాకు ఒళ్లు మండును! డ్రెయిను సీసా ఖాళీగా నున్నదనుటయు ధైర్యహేతువు కాదు, గొట్టములోనే రక్తము గడ్డకట్టి యుండవచ్చును. కాలరు మాటున వాపు దాగును. తలను మరియొకరిచే కదలకుండ పట్టించి, ముందుభాగము తీసి చూడుము.

అనుమానము కలిగినచో కూర్చుండబెట్టి, ఆక్సిజనిచ్చి, సర్జనును, అనుభవజ్ఞుడైన మత్తువైద్యుని, గొంతు వైద్యుని ఒక్కమారే పిలిపింపుము. వెల్లకిల పరుండబెట్టి స్కానునకు పంపకుము. ఊపిరి కడగట్టుచున్నచో ఎవరి రాకకును ఆగక మంచము మీదనే చర్మపు కుట్లను, క్రింది కండరపు పొర కుట్లను కూడ కోసి, గడ్డను వ్రేలితో తీయవలెను. ట్యూబు వాడుక కంటె చిన్నది ఎంచుకొందురు. అదియు దిగనిచో స్వరపేటిక ముందరి పలుచని పొరను కోసి దారి చేయుదురు.

రక్తము గడ్డకట్టుట ప్రాయికముగా తొలి 24 గంటల ముచ్చట. కేవలము కణజాలపు వాపు మాత్రము రెండవ, మూడవ దినములలో ముదురును. అచ్చట కుట్లు విప్పి ప్రయోజనము లేదు, తొందరగా ట్యూబు వేయుటయే మేలు. దానిని తీయబోవుటకు ముందు, కఫ్ఫులోని గాలి తీసి, ట్యూబు ప్రక్కలనుండి ఊపిరి వెలువడుచున్నదో లేదో చూతురు. వెలువడినను నమ్మకము పూర్ణము కాదు గనుక, మరల వేయుటకు సర్వము సిద్ధముంచుకొనియే పగటివేళ తీయుదురు.

డ్యూటీ అందుకొనునప్పుడే అట్టి రోగి మంచము ప్రక్కన కత్తెర, బ్లేడు, ఫోర్సెప్సు, గాజుగుడ్డ ఉన్న పళ్లెము కలదేమో చూచుకొనుము. లేనిచో సిస్టరుగారినడిగి పెట్టించుము. తక్కినవి నీవు సెలవులకు వచ్చినప్పుడు మాటలాడుకొందము.

ఇట్లు,
మీ పెదనాన్న