బాస్కెట్‌బాల్‌లో గార్డు: స్వార్థము, నిస్స్వార్థము

బాస్కెట్‌బాల్ జట్టులోని ఐదుగురిలో బంతి ఎక్కువసేపు నిలిచేది గార్డు చేతిలోనే. ఎవరికి, ఎప్పుడు అందించవలెనో నిర్ణయించేవాడు అతడే. తానే బుట్టలో వేయజూచేవానిని స్వార్థపరుడనీ, ఇతరులకు అందించేవానిని నిస్స్వార్థుడనీ మనం తేలికగా విభజిస్తుంటాము. ఈ విభజన ఎంతవరకు న్యాయమో అమెరికా కళాశాలల క్రీడాచరిత్రలోని ఇద్దరు గార్డుల ద్వారా పరిశీలిద్దాము.

మొదటివాడు పీట్ మారవిచ్. లూసియానా స్టేట్ విశ్వవిద్యాలయం తరఫున 1967 నుండి 1970 వరకు 83 ఆటలాడి 3,667 పాయింట్లు సాధించాడు. సగటున ఆటకు 44.2 పాయింట్లు! మూడు పాయింట్ల గీత ఆనాడు లేదు. అయితే అతడు ఆటకు సుమారు 38 పర్యాయాలు బుట్టకు గురిపెట్టాడు. వాటిలో సగానికి పైగా తప్పిపోయాయి. ఆ మూడేళ్ళలో అతని జట్టు జాతీయ ఛాంపియన్‌షిప్ పోటీలలో ఒక్కసారైనా అడుగుపెట్టలేదు.

రెండవవాడు మిచిగన్ స్టేట్ విశ్వవిద్యాలయపు ఎర్విన్ జాన్సన్. 'మేజిక్' అన్న పేరుతోనే లోకానికి పరిచితుడు. 1978-79లో అతని సగటు ఆటకు 17 పాయింట్లు మాత్రమే. కాని ప్రతి ఆటలోను సగటున ఎనిమిదికి పైగా బుట్టలు అతడు అందించిన బంతులతో సహచరులు వేసినవి. 1979 మార్చిలో అతని జట్టు ఇండియానా స్టేట్‌ను 75-64 తేడాతో ఓడించి జాతీయ విజేత అయింది.

ఇంతటితో తీర్పు చెప్పివేయడం తగదు. మారవిచ్ రాకకు ముందు సంవత్సరం అతని జట్టు గెలిచినవి మూడే ఆటలు. అతని చివరి సంవత్సరం గెలిచినవి 22. ఆ జట్టు శిక్షకుడు అతని తండ్రే. కుమారుని చుట్టూనే వ్యూహం అల్లాడు. ఇక జాన్సనో, ఆ తుదిపోటీలో 24 పాయింట్లు తానే సాధించాడు. అవసరమైన వేళ బుట్టకు గురిపెట్టడం స్వార్థం కాదు.

కనుక కొలబద్ద విసరిన బంతుల సంఖ్య కానేరదు. ప్రత్యర్థులిద్దరు గార్డును చుట్టుముట్టినప్పుడు అతని సహచరులలో ఒకడు ఖాళీగా ఉండి తీరుతాడు. అతనిని చూచి కూడ బంతి ఇవ్వకపోవడం స్వార్థం. మార్గం తనకే తెరచి ఉన్నా, గురి తప్పితే నింద వస్తుందని బంతిని మరొకరిపైకి నెట్టివేయడం కూడ స్వార్థమే. కాకపోతే అది వినయపు ముసుగు వేసుకొన్నది. జట్టును ఎంపిక చేసే పెద్దలు, ఆడే విద్యార్థులు పాయింట్ల పట్టికతో తృప్తి చెందక, ఈ రెండవ స్వార్థాన్ని కూడ గుర్తించగలిగిననాడే నిజమైన గార్డు ఎవరో తేలుతుంది.