జకార్డు మగ్గమునకు కంప్యూటరు: పెట్టుబడి, రాబడి

మదనపల్లెలోని నీరుగట్టువారిపల్లె పట్టుచీరల నేతకు పేరుగాంచినది. పుంగనూరు, కుప్పం ప్రాంతములలో మల్బరీ సాగుచేసి పట్టుపురుగులను పెంచు రైతులు కలరు. కావున మగ్గముపై వెచ్చించిన సొమ్ము లాభించినను, నష్టించినను ఆ ఫలితము నేతగాని ఇంటితో ఆగక మల్బరీ తోటవరకు పోవును.

అంచునకు, కొంగునకు పూలు, నెమళ్లు దించు జకార్డు సాధనమును ఫ్రాన్సు దేశమున జోసెఫ్ మేరీ జకార్డు 1804 ప్రాంతమున రూపొందించెను. అట్టకు రంధ్రమున్నచోట పడుగు పోగు లేచును; లేనిచోట లేవదు. (కంప్యూటరునకు తాత మగ్గమే యనుట అతిశయోక్తి కాదు.) నమూనా మార్చవలెనన్న అట్టలను క్రొత్తగా కొట్టించి, వరుసగా కుట్టి, మగ్గమున కెక్కింపవలెను. ఎలక్ట్రానిక్ జకార్డులో అట్టలు లేవు. కంప్యూటరుపై గీసిన నమూనా యంత్రమున నిలువయుండి, లేవవలసిన పోగులను విద్యుత్తుచే ఎంచును.

దీనివలన నాడె వేగము హెచ్చదు. చేమగ్గమున నేతగాని చేయియే వేగమునకు హద్దు. నమూనా మార్పుకై మగ్గము ఖాళీగా నుండు దినములు తగ్గుటలోను, కొద్ది చీరలకైనను క్రొత్త నమూనా వేయగలుగుటలోను లాభమున్నది. ఏడాది పొడుగునను ఒకే అంచు నేయు సంఘమునకు ఈ యంత్రము అలంకారమాత్రమే.

లెక్క చూతము. అంకెలు ఉదాహరణకై ఊహించినవి. యంత్రము ఖరీదు రూ. 1,20,000, ఆయుర్దాయము 10 సంవత్సరములు అనుకొందము. సాలుకు తరుగుదల 12,000, మొదటి సంవత్సరపు వడ్డీ నూటికి 10 చొప్పున 12,000, మరమ్మతులు, కరెంటు 6,000. వెరసి 30,000, అనగా నెలకు 2,500. పట్టు, జరీ, మజూరీ పోగా చీరకు 1,250 మిగిలినచో, నెలకు రెండు చీరలు అదనముగా అమ్ముడుపోయిననే లాభనష్టములు సరితూగును. నేసి పెట్టెలో దాచిన చీర ఈ లెక్కకు రాదు.

చిక్కు ఇంకొకటి కలదు. తరుగుదల పద్దులో వ్రాయు ఖర్చేగాని చేతినుండి పోవు రొక్కము కాదు. అప్పులోని అసలును మాత్రము రొక్కముగానే చెల్లింపవలెను. ఏటికొక వాయిదా చొప్పున 4 సంవత్సరములలో తీర్పవలసియున్నచో అసలు 30,000, వడ్డీ 12,000, మరమ్మతులు, కరెంటు 6,000 కలిపి మొదటి సంవత్సరము 48,000, నెలకు 4,000 కావలెను. చిట్టాలో నష్టము కనబడకున్నను నెలకు 1,500 చాలదు. ఆ లోటును అధిక వడ్డీకి చేబదులు తెచ్చి పూడ్చు కుటుంబము తుదకు యంత్రమునే అమ్ముకొనవలసి వచ్చును. వాయిదాల గడువు యంత్రపు ఆయుర్దాయమునకు దగ్గరగా నుండునట్లు బ్యాంకువారితో ముందే మాటాడుకొనుట మేలు.

పెద్ద కంపెనీల అనుభవమును ఇట్టిదే. కంప్యూటర్లు ఎల్లెడల ఉన్నను ఉత్పాదకత లెక్కలలో వాని ఫలితము కానరాదని అమెరికా ఆర్థికవేత్త రాబర్టు సోలో 1987లో వ్యాఖ్యానించెను. పాల్ డేవిడ్ 1990లో దీనికి విద్యుత్ మోటారు చరిత్రను చూపెను. ఆవిరియంత్రమును తీసి మోటారు పెట్టినంతనే కర్మాగారములు బాగుపడలేదు. ప్రతి యంత్రమునకు వేరు మోటారు అమర్చి, పని వరుసనే మార్చిన పిదప ఫలితము కనబడెను. మన నేతగానికిని, నమూనా గీయించుటకు ప్రతిసారి బెంగళూరునకు పోవలసియున్నచో మగ్గము మునుపటివలెనే ఖాళీగా నుండును. సంఘమున ఒక యువకునికో యువతికో ఆ విద్య నేర్పించు ఖర్చును యంత్రము ఖరీదులోనే కలుపవలెను.

పట్టుదారము తీయు ఆటోమేటిక్ రీలింగ్ యంత్రములకు ముడిసరుకే ప్రధానము. పొడవైన, సులభముగా తెగని పోగునిచ్చు బైవోల్టైన్ గూళ్లు వానికి కావలెను. సంకరజాతి గూళ్లు అంతగా ఒప్పవు. అట్టి యంత్రమును పెట్టదలచినవారు సలహాకై వచ్చినపుడు, చుట్టుపట్ల గ్రామములలో ఎందరు రైతులు బైవోల్టైన్ పెంచుచున్నారో, ఏ నెలలలో గూళ్లు దొరకవో పంచాయతీ సభ్యులు ధరకన్న ముందు విచారింపవలెను.