సిగ్గు పడితే నష్టం

మగపిల్లలకు వచ్చే ఒక నొప్పి గురించి ఈ పాఠంలో చదువుదాం. పిల్లవాడు సిగ్గుతో చెప్పడు. తల్లి అడగదు. ఈలోగా గంటలు గడిచిపోతాయి.

ఏం జరుగుతుంది?

మగపిల్లలకు సంచిలో రెండు బీజాలు ఉంటాయి. వీటినే వృషణాలు అంటారు. ఒక్కో బీజం ఒక తాడులాంటి దానికి వేలాడుతుంది. ఆ తాడులోని నాళాల గుండా బీజానికి నెత్తురు అందుతుంది. ఒక్కోసారి ఆ తాడు మెలిపడుతుంది. మిరప చేనుకు నీళ్ళు పెట్టే పైపు మెలిపడితే నీళ్ళు ఆగిపోతాయి. మొక్క వాడిపోతుంది. ఇక్కడా అంతే. నెత్తురు ఆగితే బీజం చచ్చిపోతుంది.

ఇది ఎక్కువగా 12 నుంచి 18 ఏళ్ళ పిల్లలకు వస్తుంది. పసిబిడ్డలకు, పెద్దవాళ్ళకు కూడా రావచ్చు. ఆటలో రావచ్చు. నిద్రలోనూ రావచ్చు. ఇది దిష్టి కాదు. పిల్లవాడి తప్పు కాదు.

గుర్తులు

ఒక పక్క బీజంలో ఉన్నట్టుండి విపరీతమైన నొప్పి వస్తుంది. వాపు వస్తుంది. ఆ బీజం పైకి లాగినట్టు ఉంటుంది. వాంతులు అవుతాయి. కొందరు పిల్లలు పొత్తికడుపు నొప్పి అని మాత్రమే చెబుతారు. అప్పుడు తల్లి నెమ్మదిగా అడగాలి. "కింద కూడా నొప్పి ఉందా నాయనా?" అనాలి.

ఒక ఇంట్లో మాటలు

అత్త: వేడి చేసి ఉంటుంది. సబ్జా నీళ్ళు తాగించు. కాపడం పెడదాం. తెల్లారి చూద్దాం.

కోడలు: వద్దత్తా. కాపడంతో మెలిక పోదు. ఆపరేషన్ చేయాల్సి వస్తే కడుపు ఖాళీగా ఉండాలి. ఏమీ తాగించొద్దు.

అత్త: మగోళ్ళు ఇంటికి రానీ.

కోడలు: వాళ్ళకు కబురు పెడదాం. మనం మాత్రం ఇప్పుడే బయలుదేరదాం. సిగ్గు రేపు పోతుంది. పోయిన బీజం మళ్ళీ రాదత్తా.

ఏం చేయాలి?

నొప్పి మొదలైన 6 గంటల్లోపు ఆపరేషన్ జరిగితే బీజం చాలావరకు దక్కుతుంది. ఆలస్యం అయ్యే కొద్దీ ఆశ తగ్గుతుంది. ఒక రోజు దాటితే చాలావరకు దక్కదు. మార్కాపురం నుంచి ఒంగోలు దాదాపు 100 కిలోమీటర్లు. దారిలోనే రెండు మూడు గంటలు పోతాయి. అందుకే ఇంటి దగ్గర ఒక్క గంట కూడా పోగొట్టవద్దు.

వెంటనే 108 కి ఫోన్ చేయండి. డబ్బు కట్టనక్కరలేదు. ఆపరేషన్ చేసే డాక్టరు ఉన్న ఆసుపత్రికే తీసుకుపొమ్మని అడగండి. గిద్దలూరు వైపు వాళ్ళకు ఒంగోలు కంటే నంద్యాల దగ్గర.

నొప్పి సూది వేయించి ఇంట్లో ఉంచవద్దు. నొప్పి అణిగినా మెలిక అలాగే ఉండవచ్చు. నొప్పి తనంతట తానే తగ్గినా డాక్టరుకు చూపించాలి. అది మళ్ళీ రావచ్చు.

మీకు ఇప్పుడు రాయడం వచ్చు. నొప్పి ఎన్ని గంటలకు మొదలైందో కాగితం మీద రాసి డాక్టరుకు ఇవ్వండి. ఆ ఒక్క అంకె ఆయనకు ఎంతో అవసరం.

డాక్టరు ఆపరేషన్ చేసి మెలిక విప్పుతారు. మళ్ళీ మెలిపడకుండా రెండు బీజాలకూ కుట్లు వేస్తారు. ఒక బీజం చచ్చిపోతే దాన్ని తీసేస్తారు. భయపడవద్దు. రెండోది బాగుంటే చాలు. పిల్లవాడు పెద్దయ్యాక పెళ్ళి చేసుకోవచ్చు. పిల్లలు కూడా పుడతారు.

చెప్పండి

1. కోడలు సబ్జా నీళ్ళు ఎందుకు వద్దంది?
2. ఎన్ని గంటల్లోపు ఆపరేషన్ జరగాలి?
3. మీ ఊరి నుంచి ఆపరేషన్ చేసే ఆసుపత్రికి ఎంతసేపు పడుతుంది?

రాయండి

బీజం, మెలిక, నెత్తురు, ఆపరేషన్, 108