గోడ దాకా వచ్చిన జింకలు – మన బాధ్యత



తిరుపతిలో చదువుకునే మనకు జింక అంటే పాఠ్యపుస్తకంలో బొమ్మ మాత్రమే కాదు. ఎస్వీ యూనివర్సిటీ ఆవరణలో చెట్ల కింద అది మేస్తుంటే చూసినవాళ్లం. మనం జింక అనేది ఎక్కువగా దుప్పినే, అంటే ఒంటినిండా తెల్లచుక్కలుండే చుక్కల జింకను. 2020లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు అవి రోడ్ల మీదికి వస్తే అందరం సంతోషించాం.

సంతోషిస్తే సరిపోదని మాకు మా హాస్టల్ వెనకే తెలిసింది. ఒక వేసవి తెల్లవారుజామున కుక్కలు ఒక దుప్పి పిల్లను తరుముకొచ్చాయి. మేము కుక్కల్ని అదిలించాం. ఫారెస్టు వాళ్లకు కబురు చేశాం. వాళ్లు వచ్చేలోపే అది చనిపోయింది. ఒంటిమీద పెద్ద గాయమేమీ లేదు. విపరీతంగా భయపడి పరుగెత్తిన జింకకు కండరాలు దెబ్బతిని, గాయం లేకుండానే ప్రాణం పోవచ్చని తర్వాత తెలుసుకున్నాం. ఆ కుక్కలు అక్కడ ఎందుకున్నాయి? రోజూ రాత్రి మేము గోడవతల పారేసే అన్నం కోసం. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

జింకలు ఎందుకు దిగివస్తాయి?

తిరుపతిని ఆనుకునే శేషాచలం కొండలున్నాయి. 1989లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం 353 చదరపు కిలోమీటర్ల అడవి. 2010లో శేషాచలాన్ని జీవావరణ రిజర్వుగా ప్రకటించారు. అలిపిరి, కపిలతీర్థం, విశ్వవిద్యాలయాలు అన్నీ ఆ కొండపాదంలోనే ఉన్నాయి. ఊరు పెరిగి అడవి అంచుకు చేరింది. ఎండాకాలంలో కొండమీద గడ్డి ఎండిపోతుంది, కుంటలు ఇంకిపోతాయి. కింద పచ్చిక, నీళ్లు, మనం పారేసిన తిండి దొరుకుతాయి. అందుకే దిగివస్తాయి.

అన్నం పెడితే పుణ్యమేనా?

జింక నెమరువేసే జంతువు. దాని కడుపులో నాలుగు గదులుంటాయి. మొదటి గదిలోని సూక్ష్మజీవులు గడ్డిని, ఆకుల్ని నిదానంగా పులియబెట్టి అరిగిస్తాయి. అన్నం, ధాన్యం ఒక్కసారిగా ఎక్కువగా పడితే అవి త్వరగా పులిసిపోయి కడుపులో ఆమ్లం పెరుగుతుంది. జింక మేత మానేసి జబ్బు పడుతుంది. ప్లాస్టిక్ కవరు ఇంకా ప్రమాదం. ఉప్పు, కూర వాసనకు కవరుతో సహా మింగేస్తుంది. అది అరగదు, బయటికీ రాదు. చెన్నై ఐఐటీ ఆవరణలో చనిపోయిన జింకల కడుపుల్లో ప్లాస్టిక్ ముద్దలు బయటపడ్డాయి.

జింక వెనక చిరుత

తిండి పారేసిన చోటికి కుక్కలొస్తాయి. జింకలు, కుక్కలు ఉన్న చోటికి చిరుత వస్తుంది. 2023 జూన్‌లో అలిపిరి నడకదారిలో ఒక బాలుడి మీద చిరుత దాడి చేసింది. అదే ఏడాది ఆగస్టులో ఒక చిన్నారి ప్రాణమే పోయింది. ఆ తర్వాత నడకదారిలో జంతువులకు తిండి పెట్టవద్దని దేవస్థానం ఆంక్ష పెట్టింది. అంతకుముందు ఏడో మైలు జింకల పార్కు దగ్గర కంచె సందుల్లోంచి దోసకాయ, క్యారెట్ పెట్టడం భక్తులకు అలవాటుగా ఉండేది. పెట్టినవాళ్ల మనసు మంచిదే. కానీ అడవి జంతువును మనిషి చేతికి అలవాటు చేస్తే రెండు వైపులా నష్టమే. మన హాస్టల్లో చిన్న తమ్ముళ్లు రాత్రిపూట ఒంటరిగా వెనక్కు వెళ్తుంటారు. కాబట్టి ఇది మన ప్రాణాల సంగతి కూడా.

సంఖ్య తగ్గించాలా?

అమెరికాలో చాలా ఊళ్లలో తెల్లతోక జింకలు బాగా పెరిగిపోయాయి. వాటిని వేటాడే తోడేళ్లను అక్కడ చాలా ప్రాంతాల్లో మనుషులే ఏనాడో లేకుండా చేశారు. అందుకే అక్కడ వేటకు అనుమతులిస్తారు, కొన్నిచోట్ల పిల్లలు పుట్టకుండా ఆడజింకలకు ఇంజెక్షన్లు వేస్తారు. అండమాన్ దీవుల్లో బ్రిటిష్ కాలంలో తెచ్చి వదిలిన దుప్పులు, వేటాడే జంతువు లేక విపరీతంగా పెరిగి లేతమొక్కల్ని మేసేస్తున్నాయి.

మన పరిస్థితి వేరు. శేషాచలంలో చిరుతలున్నాయి. దుప్పి ఏడున్నర నెలలు మోసి సాధారణంగా ఒక్క పిల్లనే కంటుంది. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం దాన్ని వేటాడటం నేరం. వేరేచోటికి తరలించడమూ తేలిక కాదు. మధ్యప్రదేశ్‌లో పెంచ్ నుంచి సాత్పురాకు దుప్పుల్ని తరలించడానికి గరాటు ఆకారంలో కంచె కట్టి, చెయ్యి తగలకుండా లారీలోకి ఎక్కించారు. దీన్ని బోమా పద్ధతి అంటారు. అది అటవీశాఖ చేయవలసిన పని. మన చేతిలో ఉన్నది చెత్తబుట్ట.

మనం చేయవలసినవి

1. మిగిలిన అన్నం గోడవతల పారేయకూడదు. మూతపెట్టిన గుంటలో వేస్తే ఎరువవుతుంది.
2. ప్లాస్టిక్ కవర్లు విడిగా కట్టి మున్సిపాలిటీ బండికే ఇవ్వాలి.
3. జింకలకు తిండి పెట్టకూడదు. గోడ పక్కన నీళ్లతొట్టి కూడా వద్దు, ఆ నీళ్లకు చిరుతా వస్తుంది.
4. గాయపడిన జింక చుట్టూ గుంపుగా చేరకూడదు, ఫోటోలు తీయకూడదు. కుక్కల్ని దూరంగా తోలి ఫారెస్టు వాళ్లకు చెప్పాలి. వాళ్ల నంబరు నోటీసు బోర్డు మీద ఉండాలి.
5. చీకటి పడ్డాక చిన్నవాళ్లను ఒంటరిగా వెనక్కు పంపకూడదు. లైటు వెలుగుతూ ఉండాలి.

మేము వార్డెన్ సారుకు అర్జీ పెట్టుకుంటే గుంట తవ్వించారు. వంట చేసే అన్న, కామాటి అన్న మాకు తోడుగా నిలిచారు. అన్నం పారేయడం ఆగాక గోడ వెనక కుక్కల గుంపు పలచబడింది. జింకలు ఇప్పటికీ వస్తున్నాయి. గడ్డి మేసి కొండకు తిరిగి పోతున్నాయి. అలా తిరిగి పోయేటట్టు చూడటమే మన వంతు. కొత్తగా చేరే తమ్ముళ్లకు మొదటిరోజే ఈ సంగతి చెప్పాలని మేము తీర్మానించుకున్నాం. చదివిన మీరూ మీ ఊళ్లలో చెప్పండి.