హేతువు – సహజాతం

బెజవాడ–హైదరాబాదు రోడ్డును చిల్లకల్లు దగ్గర దాటబోతున్నామనుకోండి. లారీ హారన్ మోగింది. ఆలోచన పుట్టకముందే కాలు వెనక్కి వచ్చేసింది. ఆ పని చేసింది సహజాతం. అదే లేకపోతే తర్కించడానికి మనిషే మిగలడు! కనుక హేతువు గొప్పది, సహజాతం పశుప్రాయం అని తేల్చెయ్యడం తొందరపాటు.

ఆధునిక తత్త్వశాస్త్రంలో ఈ తగవు ఎడతెగనిది. 17వ శతాబ్దిలో డెకార్ట్ ఆలోచనకు పట్టం కట్టాడు. మనిషిని కదిలించేవి ఉద్వేగాలేననీ, హేతువు వాటి సేవకుడనీ 1739లో హ్యూమ్ వాదించాడు. కాంట్ తిరిగి నీతిని హేతువు మీదే నిలబెట్టాడు. సహజాతం, మేధ అనేవి జీవపరిణామంలో చీలిన రెండు దారులని 1907లో బెర్గ్‌సన్ అన్నాడు.

ఈ తగవు మన కృష్ణా జిల్లాలోనూ జరిగింది. హేతువాది త్రిపురనేని రామస్వామి చౌదరి కుమారుడు, ఎం.ఎన్. రాయ్ అనుయాయి అయిన గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర'లో సీతారామారావును సృష్టించాడు. అతనికి తర్కం కొరవడలేదు. ప్రతి బంధాన్నీ "ఎందుకు?" అని నిలదీస్తాడు. కాని ఆ ప్రశ్నల వెనకున్న దెబ్బతిన్న అహాన్ని మాత్రం నిలదీయడు. ఆ తర్కం చివరకు అతన్ని శ్మశానానికి చేర్చింది.

రెండో ఉదాహరణ గోరాది. 1940లో ముదునూరులో ఆయన స్థాపించిన నాస్తిక కేంద్రం 1947లో బెజవాడకు మారింది. మహిమ ఏమీ లేదని చూపడానికి ఆ కేంద్రం నిప్పులమీద నడిచే ప్రదర్శనలు జరిపింది. నిప్పును చూసి పాదం జంకడం సహజమే. అయితే బొగ్గు, బూడిద వేడిని నెమ్మదిగా అందిస్తాయి. చకచకా నడిస్తే అడుగు ఆనేది క్షణకాలమే. నిలబడితే మాత్రం కాలుతుంది. ఇక్కడ హేతువు భయాన్ని వెక్కిరించలేదు, దాని హద్దు ఎక్కడో కనిపెట్టింది.

మరి మన సంగతి? చదువుకున్నవాడు కట్నం పుచ్చుకుంటూ "చెల్లెలి పెళ్ళి చెయ్యాలి కదండీ" అంటాడు. కులం చూసి ఓటేసి అభివృద్ధి కోసమంటాడు. ఆశ, అభిమానం ముందే తీర్పు చెప్పేశాయి. చదువు దానికి వకాల్తా పుచ్చుకుంది. సీతారామారావు చేసిందీ ఇదే.

ఎదుటివాడి నమ్మకాన్ని ప్రశ్నించడం తేలిక. మనకు లాభించే కారణాన్ని ప్రశ్నించడమే కష్టం. హేతువాదం మొదలు కావలసింది అక్కడే.